అమ్మల గడి

మన విశాఖ బడి పాత విద్యార్థుల సభకు వేస్తున్న సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "రెండు పేజీలు చాలు, అరకు విహారయాత్ర గురించి రాయి, అందరికీ నచ్చుతుంది" అన్నారు. అరకు గురించి టార్చిలైటు రాయాలి (టార్చిలైటు, గంట, తెప్ప, అన్నీ బడిలో మనం ఒకరికొకరం పెట్టుకున్న పేర్లే). ఏ సొరంగంలో ఎవరు కేక వేశారో వాడికే తెలుసు. ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు ఇంచుమించు ఏమీ గుర్తు లేదు. పదో తరగతి అంటే పరీక్షలే. నాకు మిగిలింది తొమ్మిదో తరగతి, అంటే 1984-85, అందులోనూ శనివారం చివరి పీరియడు, రేకుపెట్టె మాస్టారు.

ఆ పెట్టె రంగు నీలమా ఆకుపచ్చా అని మొన్న గంటకూ నాకూ ఫోనులో వాదన జరిగింది. నీలమే. తాళం పోయింది కనుక పురికొస కట్టేవారు. తెప్ప ఒక పక్క, పెద్ద రాము ఒక పక్క పట్టుకుని మేడ మీదికి మోసేవారు. వీరేశలింగం స్వీయచరిత్ర, గాంధీ ఆత్మకథ, ఆన్ ఫ్రాంక్ డైరీ, చలం 'బిడ్డల శిక్షణ', అట్టలు ఊడిన సోవియట్ పుస్తకాలు అందులో ఉండేవి. "కథల పుస్తకాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నా పెట్టెలో ఉన్నది బతికిన మనుషులు" అనేవారు మాస్టారు. చలం పుస్తకాన్ని మాత్రం మనకు ఇచ్చేవారు కాదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి వచ్చిన నాన్నల చేతిలో పెట్టేవారు. మా నాన్న దాన్ని మూడు నెలలు ఉంచుకున్నారు. మా తమ్ముడి మీద చెయ్యి చేసుకోవడం ఆ మూడు నెలల్లోనే ఆగింది. ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇక 'ఏడుతరాలు'. అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ తన వంశం గురించి 1976లో రాసిన 'రూట్స్' పుస్తకం, సహవాసి తెలుగు చేశారు. దాన్ని మాస్టారు పదకొండు శనివారాలు చదివారు. మృదంగం చేసుకోవడానికి చెక్క వెతుక్కుంటూ అడవికి వెళ్లిన హేలీ పూర్వీకుడు, పదిహేడేళ్ల కుంటాను బానిసగా పట్టుకుపోయిన రోజు, బయట హార్బరులో ఏదో ఓడ కూత వేసింది. మనలో సగం మంది నాన్నలు పోర్టులోనో షిప్‌యార్డులోనో పని చేసేవారు. ఓడ అంటే జీతం, ఓడ అంటే ఓవర్‌టైము అని పెరిగిన పిల్లలం. ఆ రోజు మొదటిసారి ఓడ అంటే భయం వేసింది. మాస్టారు పుస్తకం మూసి బోర్డు మీద రెండు అంకెలు వేశారు. 1767లో ఆఫ్రికాలోని గాంబియా నుంచి బయలుదేరిన ఆ ఓడలో ఎక్కించినవాళ్లు 140 మంది, అవతలి ఒడ్డున, అమెరికాలో దిగినవాళ్లు 98 మంది. "తీసివేయండి" అన్నారు. 42. మన సెక్షను హాజరుపట్టీలో ఉన్నదీ 42 పేర్లే. ఆ మాట మాస్టారు అనలేదు. గంట అంది. ఆ తరువాత ఇంటి గంట కొట్టినా ఎవరూ లేవలేదు, గుర్తుందా?

కొన్ని పేజీలను ఆయన చదవకుండా తిప్పేసేవారు. కుంటా కూతురు కిజ్జీని అమ్మేసిన తరువాత కొత్త యజమాని ఇంట్లో ఏం జరిగిందో నాకు పెళ్లయ్యాక, సొంతంగా చదువుకున్నప్పుడు తెలిసింది. చదవడం, రాయడం వచ్చినందువల్లే ఆ పిల్ల తల్లిదండ్రులకు దూరమైందన్న సంగతిని మాత్రం ఆయన రెండుసార్లు చదివారు.

చివరి శనివారం ఇంటిపని ఇచ్చారు. తెల్లకాగితం మీద నిలువుగా ఏడు గడులు. మీ పేరుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి, ఎన్ని నిండితే అన్నే.

సోమవారం కాగితాలు వచ్చాయి. చాలామందికి మూడు గడులు, కొందరికి నాలుగు. పెద్ద మేడ ఉన్నవాళ్లకూ నాలుగే. తెప్ప ఒక్కడే కాగితం తేలేదు, వాళ్ల నాయనమ్మను తెచ్చాడు. పెదజాలారిపేట నుంచి నడుచుకుంటూ వచ్చిందావిడ. మాస్టారు తన కుర్చీ ఆవిడకు వేశారు. ఏ గాలివానకు ఏ తెప్ప పోయిందో, అప్పుడు దాని మీద ఎవరున్నారో చెబుతూ ఆరు తరాలు పైకి వెళ్లింది. అచ్చంగా హేలీ వాళ్ల జుఫ్ఫురే పల్లెలో ముసలి కథకుడు వంశమంతా అప్పజెప్పినట్టే. వేలు పెట్టి అక్షరం చదవలేని మనిషి ఆరు తరాలు చెప్పింది, హైస్కూలు పిల్లలం మూడు గడుల దగ్గర ఆగిపోయాం.

అప్పుడు గంట లేచింది. "మాస్టారూ, ఇందులో అమ్మల పేర్లు రాయకూడదా?" అంది. అంతవరకూ అందరం నాన్న, తాత, ముత్తాత అనే రాశాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత బోర్డు మీద కుంటా, కిజ్జీ, జార్జ్, టామ్, సింథియా, బెర్తా, అలెక్స్ అని రాసి, వాటిలో మూడు పేర్ల కింద గీత గీశారు. కిజ్జీ, సింథియా, బెర్తా. "ఈ ముగ్గురు ఆడవాళ్లలో ఒక్కరు మరిచిపోయినా ఈ పుస్తకం లేదు. ఇన్ని వారాలు చదివి నేనే చూడలేదమ్మా" అన్నారు. అందరి కాగితాల మీదా పక్కన ఇంకో వరుస గడులు గీయించారు. ఒక ఉపాధ్యాయుడు పిల్లల ముందు నిలబడి "నేను చూడలేదు" అనడం నేను అదే మొదటిసారి వినడం. తరువాత ఎంతోమంది పెద్ద పెద్ద డాక్టర్ల దగ్గర పని చేశాను, ఆ మాట చాలా తక్కువగా విన్నాను.

ఆ పుస్తకంలో కొంత కల్పన ఉందనీ, వేరొకరి నవలలోని భాగాలు కొన్ని అందులోకి వచ్చాయన్న దావా 1978లో రాజీతో ముగిసిందనీ తరువాత ఎప్పుడో తెలిసింది. నాలుగు రోజులు మనసు బాగోలేదు. కానీ మన కాగితాల మీదున్న పేర్లలో కల్పన లేదు. తెప్ప వాళ్ల నాయనమ్మ చెప్పినదాంట్లోనూ లేదు.

నేను పిల్లల వార్డులో నర్సుగా ముప్పై ఏళ్లు దాటాను, ఇప్పుడు హెడ్ నర్సును. కొత్తగా చేరిన బిడ్డ మంచం దగ్గరికి వెళ్లగానే ముందు తల్లి పేరు అడుగుతాను. "ఫలానావాడి తల్లి" అని కాకుండా ఆ పేరుతోనే పిలుస్తాను. మా వార్డులో చిన్న నర్సులందరికీ ఇప్పుడు ఆ అలవాటు వచ్చింది.

మా అబ్బాయి విషయంలో మాత్రం నేను తడబడ్డాను. ఏడేళ్లు వచ్చినా వాడికి అక్షరాలు కుదరలేదు. తరగతిలో కుదురుగా కూర్చోడని ఒక బడివాళ్లు టీసీ ఇచ్చి పంపించేశారు. ఆ రోజు వాడి ముందే ఏడ్చాను. అప్పటికి రిటైరైన మాస్టారికి ఈ సంగతి ఎలా తెలిసిందో, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కనిపించి 'రైలుబడి' చేతిలో పెట్టారు. తెత్సుకో కురోయనాగి తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం, జపానులో 1981లో వచ్చింది. ఆ పిల్లనూ ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపేశారు. కొత్త బడిలో, పాత రైలు పెట్టెలే తరగతి గదులైన చోట, కొబయాషి మాస్టారు మొదటి రోజున ఆ పిల్ల మాటలు నాలుగు గంటలు విన్నారు. పంపేశారన్న సంగతిని తల్లి కూతురికి ఇరవయ్యో ఏడు వచ్చేదాకా చెప్పలేదు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. నేను అదే రోజు చెప్పేశాను కదా.

ఆ బడిలో పిల్లల అన్నం డబ్బాలో కొండది కొంత, కడలిది కొంత ఉండాలని నియమం. సముద్రం ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ చూస్తూ పెరిగిన మనకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? మన డబ్బాల్లోనూ తెప్ప తెచ్చిన ఎండుచేపలూ మా అమ్మమ్మ పంపిన పనస తొనలూ ఉండేవి. తేడా ఒక్కటే, మనం దాచుకుని తినేవాళ్లం. ఆ మాస్టారు అందరి డబ్బాలూ చూసేవారు, ఎవరికైనా ఒకటి తక్కువైతే భార్య చేత వడ్డించేవారు.

ఆ నెల నుంచి రోజూ రాత్రి ఒక గంట మా అబ్బాయి మాట్లాడేవాడు, నేను వినేదాన్ని. అన్నీ మోటార్ల గురించే. ఈ రోజు ఫిషింగ్ హార్బరు దగ్గర మరపడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు వాడిది, కింద ఆరుగురు పని చేస్తున్నారు. వేట నిషేధం ఉండే రెండు నెలలూ వాడికి ఊపిరి సలపదు. బిల్లులు మాత్రం కోడలు రాస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మాస్టారి ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయి. నేనూ గంటా వెళ్లేసరికి ఆయన కరెంటు లేని ఇంట్లో పుస్తకాలను దండెం మీద బట్టల్లా ఆరేస్తున్నారు. పేజీకీ పేజీకీ మధ్య వార్తాపత్రిక ముక్కలు పెట్టి మూడు రోజులు ఆరబెట్టాం. 'ఏడుతరాలు' ఉబ్బి రెట్టింపు లావైంది, కానీ చదవచ్చు. "ఇది నీ దగ్గర ఉండనీ" అన్నారు. మాస్టారు వెళ్లిపోయి ఇప్పటికి ఆరేళ్లు. దాని లోపల నా తెల్లకాగితం కూడా ఉంది. అన్నేళ్లూ ఆయనే దాచారు.

సభ రోజున రెండూ తెస్తాను. మీ కాగితాలు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతికి తీసుకురండి. నాన్నల వరుసలో నాకు అయిదు నిండాయి, అమ్మల వరుసలో మూడే. మా అమ్మమ్మ చెల్లెలు భీమిలిలో ఉంది, తొంభై ఒకటి. చెవి కొంచెం తక్కువ కానీ జ్ఞాపకం బాగానే ఉంది. వచ్చే ఆదివారం సెలవు పెట్టాను.