వెనక్కి వచ్చే కాంతి

హనుమకొండలో నిన్న డిగ్రీ విద్యార్థులకు కరెంటుకు బదులు కాంతిని నడిపించే ఫోటానిక్ చిప్‌ల గురించి చెబుతుండగా, పరకాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి, "సార్, వెనక్కి తిరిగొచ్చే కాంతి లేజర్‌ను చెడగొట్టదా?" అని అడిగింది. మామూలుగా చెడగొడుతుంది, అందుకే కాంతిని ఒకే దిశలో పోనిచ్చే ఐసోలేటర్ పెడతారు.

అయితే చిప్ మీది సిలికాన్ నైట్రైడ్ వలయంలో తిరిగే కాంతిలో అతి స్వల్ప భాగం వెనక్కి చెదిరి, చిప్ అంచుకు ఆనించి ఉంచిన సెమీకండక్టర్ లేజర్‌లోకి చేరినప్పుడు, ఆ లేజర్ వలయపు అనునాద పౌనఃపున్యానికే (వలయంలో కాంతి బాగా పోగుపడే పౌనఃపున్యానికే) కట్టుబడి, తన రేఖా వెడల్పును, అంటే తన పౌనఃపున్యం పరుచుకున్న మేరను, ఎన్నో రెట్లు తగ్గించుకుంటుంది. వలయంలో పోగుపడిన తీవ్రత వల్ల, కాంతి తీవ్రతను బట్టి పదార్థపు వక్రీభవన గుణకం మారే కెర్ ప్రభావం మొదలై, ఒకే పౌనఃపున్యం నుంచి సమాన దూరాల్లో అనేక రేఖలు పుడతాయి. అదే పౌనఃపున్య దువ్వెన.

2005లో భౌతిక శాస్త్రవేత్తలు హాల్, హెన్ష్‌లకు నోబెల్ తెచ్చిన కృషిలో భాగమైన ఈ దువ్వెనకు అప్పట్లో బల్ల నిండా పరికరాలు కావలసి వచ్చేవి. 2018 నాటికి బ్యాటరీతో నడిచే చిప్ దువ్వెన సాధ్యమైంది.

నా దృష్టిలో అసలు చిక్కు కాంతి తరంగపు దశ (తరంగం తన ఊపులో ఏ స్థానంలో ఉందన్నది) దగ్గరే ఉంది: లేజర్‌కూ చిప్‌కూ మధ్య సందు మైక్రాన్‌లో కొంత భాగం మారినా తిరిగొచ్చే కాంతి దశ మారి, ఆ పట్టు జారిపోతుంది.