కలరా ఉండల వాసనతో మొదలైంది

మా బాబు పుట్టిన మూడో రోజు కామెర్లు ఎక్కువగా ఉన్నాయని లైటు కింద పెట్టారు. అప్పుడు పిల్లల డాక్టరు గారు అడిగారు: "వీడికి చుట్టిన గుడ్డలు బీరువాలోంచి తీసినవా? వాటిలో కలరా ఉండలు వేశారా?" కొందరు పిల్లల ఒంట్లో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుందట. అలాంటి పిల్లల్ని ఆ ఉండల మధ్య దాచిన బట్టల్లో పడుకోబెడితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయని చెప్పారు. పరీక్ష చేస్తే మావాడికి ఆ లోపం లేదు, రెండు రోజుల్లో తగ్గింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే విజయవాడలో మా ఇంట్లో, అమ్మ బీరువాలో, మనవడి కోసం దాచిన పాత నూలు చీరలన్నీ ఆ ఉండల మధ్యే ఉన్నాయి.

మా ఆవిడ, బాబు పుట్టింటి నుంచి రావడానికి మూడు నెలలు టైముంది. ఆలోపు ఇల్లు సరిచేయాలనుకున్నాను.

చీరల సంగతి చెప్పగానే అమ్మ చాలా బాధపడింది. "నువ్వు పడుకుంది కూడా ఈ గుడ్డల్లోనే కదరా" అంది. ఉతికి ఎండేసినా ఆ వాసన పోలేదు. నేను వాదించలేదు, డాక్టరు గారికి ఫోన్ చేసి అమ్మకే ఇచ్చాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. మర్నాడు ఉండలన్నీ తీసి పారేసి, ఎండబెట్టిన వేపాకు పెట్టింది. బాబు బట్టలకు వేరే అర కొన్నాం.

అదే ఫోన్లో కర్పూరం మాటా వచ్చింది. జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి రాయడం మా ఇంట్లో అలవాటు. పసిపిల్లలకు అది వద్దన్నారు. హారతి కర్పూరం బిళ్ల మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చట. చూడటానికి తెల్లగా పిప్పరమెంటులా ఉంటుంది, పైగా మా దేవుడి మందిరం నేల మీదే ఉండేది. దాన్ని గోడ మీదికి ఎత్తించాను. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయాలన్న ఆలోచన మానడానికి మాత్రం అమ్మకు ఇంకొన్ని రోజులు పట్టింది. మూసిన గదిలో బొగ్గుల పొగ పసివాడి ఊపిరితిత్తులకు ఎంత చేటో విన్నాక, తల మెత్తటి గుడ్డతో ఆరబెడదాంలే అని తనే అంది.

తర్వాత కరెంటు. పాత ఇల్లు, ప్లగ్గులన్నీ పాకే పిల్లాడి చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. మూతలు కొని పెడితే చాలనుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు తెరిచి, "సార్, ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్, ఉంది కానీ అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు" అన్నాడు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమన్నాడు. కరెంటు ఎక్కడైనా నేలలోకి లీకవుతుంటే అది వెంటనే సప్లై ఆపేస్తుంది. పెట్టిన రోజు సాయంత్రం గీజర్ వేయగానే టపీమని పడిపోయింది. మళ్లీ వేశాం, మళ్లీ పడింది. గీజర్ లోపలి కాయిల్ పాడై కరెంటు లీకవుతోందని అప్పుడు తెలిసింది. ఎన్నాళ్ల నుంచో! బాబు వచ్చాక ఆ నీళ్లతోనే స్నానం చేయించేవాళ్లం కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అద్దె ఇల్లే కదా అని ఈ ఖర్చు దగ్గర ఆగకండి. ఇంటివాళ్లు ఇవ్వకపోయినా పెట్టించుకోండి. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూస్తున్నాను.

బాత్‌రూమ్‌లో బకెట్లు ఇప్పుడు బోర్లించి పెడుతున్నాం. జానెడు నీళ్లున్నా పాకే పిల్లలకు ప్రమాదమే. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన ఫినాయిల్ పారబోసేశాం. కొన్ని రిమోట్లలో ఉండే బటన్ సెల్ (చిన్న బిళ్లలాంటి బ్యాటరీ) మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుందని తెలిశాక, రిమోట్ మూతలకు టేపు చుట్టాను.

చివరికి మిగిలింది ఉయ్యాల. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలన్నది డాక్టరు గారి మాట. అందుకని ఆవాల దిండు పక్కన పెట్టేశాం. ఉయ్యాలలో మాత్రం, పక్కన మనిషి ఉండగా, కాసేపు ఊపి, కళ్లు మూతపడగానే పరుపు మీదికి మార్చాలని మేం పెట్టుకున్న నియమం. దూలానికున్న కొక్కెం తుప్పుపట్టి ఉంటే మార్పించాను. కొత్తదానికి పాతిక కిలోల బియ్యం బస్తా కట్టి రాత్రంతా వదిలేశాను.

పొద్దున్నే లేచి చూస్తే బస్తా అలాగే ఉంది. అమ్మ దాన్ని విప్పించి, తను రోజూ కట్టుకునే నీలం నూలు చీర తెచ్చింది. ఆ చీర ఎప్పుడూ బీరువా మొహం చూసింది కాదు. రెండుసార్లు వేడినీళ్లలో ఉతికిందట. "వాసన చూడరా" అంది. చూశాను. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. ఇద్దరం కలిసి ముడి వేశాం.