కీహోల్ దారిలో లాంగ్స్ పీక్: గంటల లెక్క

కొలరాడోలోని లాంగ్స్ పీక్ ఎత్తు 4,346 మీటర్లు. కీహోల్ దారిలో పోయిరావడం దాదాపు 23 కిలోమీటర్లు, ఎక్కుడు 1,500 మీటర్లు. అమెరికా కొలమానంలో క్లాస్ 3. అంటే రాయి పొడిగా ఉన్నప్పుడు తాడు అక్కర్లేదు గానీ, చేతులు ఆన్చకుండా పని జరగదు. మామూలుగా జూలై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా రాయి మంచు లేకుండా ఉంటుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నానికల్లా ఉరుములు మొదలవుతాయి కాబట్టి లెక్కంతా వెనక నుంచి వేసుకోవాలి.

ఆరు వారాల ముందు: వారానికోసారి వెయ్యి మీటర్ల ఎక్కుడు, వీపు మీద 7 కిలోల బరువు. దిగడం కూడా సాధనలో భాగమే. తొడలు అలిసిపోయాక రాళ్ల మీద అడుగు తప్పేది దిగేటప్పుడే.

రెండు రోజుల ముందు: రెండు రాత్రులు 2,500 మీటర్ల చుట్టుపక్కల పడుకోవాలి. నేరుగా డెన్వర్ నుంచి వచ్చి ఎక్కితే 4,000 మీటర్ల దగ్గర తలనొప్పి, వికారం పట్టుకునే అవకాశం ఎక్కువ.

సంచిలో: మూడున్నర లీటర్ల నీళ్లు, హెల్మెట్, హెడ్‌ల్యాంపు, అదనపు బ్యాటరీలు, గాలి ఆపే జాకెట్, పల్చటి చేతి తొడుగులు. రాతిని గట్టిగా పట్టే రబ్బరు సోల్ ఉన్న అప్రోచ్ షూస్ (రాళ్ల మీద నడకకూ ఎక్కడానికీ పనికొచ్చే తేలిక బూట్లు) మేలు. బరువైన బూట్లతో పలక బండల మీద రాయి తెలియదు.

రాత్రి 2:30: 2,867 మీటర్ల దగ్గర నడక మొదలు. ఈ వేళకు కూడా పార్కింగ్ నిండిపోయే రోజులుంటాయి. మొదటి గంట మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవాలి.

ఉదయం 6:00: బౌల్డర్ ఫీల్డ్, 3,890 మీటర్లు. బండ నుంచి బండకు అడుగు వేసే చోటు. ట్రెక్కింగ్ కర్రలు ఇక్కడే మడిచి సంచిలో కట్టేయాలి, ఇక పైన అవి అడ్డమే.

6:45: కీహోల్, అంటే కొండ గట్టులో తాళం రంధ్రం ఆకారంలో ఉన్న సందు, 4,020 మీటర్లు. పది కిలోమీటర్లు నడిచేశాం, మిగిలింది రెండే అనిపిస్తుంది. ఆ రెండిటికీ రెండు గంటల పైనే పడుతుంది, దిగడానికీ అంతే. ఎనిమిదిన్నర దాటి ఇక్కడికి చేరితే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా, తిరిగి వెళ్లిపోవాలన్నది మా గట్టి అభిప్రాయం. కీహోల్ దాటగానే పడమటి గాలి ఒక్కసారిగా కొడుతుంది. జాకెట్ ముందే వేసుకోవాలి.

అవతల లెడ్జెస్. కొండ పక్కన అరుగుల్లాంటి అంచులు. పసుపు, ఎరుపు రంగుల గుండ్రటి గుర్తులు దారి చూపిస్తాయి. ఒక గుర్తు నుంచి తర్వాతిది కనిపించకపోతే ఆగి వెతకాలి. దారి కాస్త కిందికి దిగుతుంది. అది నచ్చక పైపైనే పోయేవాళ్లు కష్టమైన రాతిలో చిక్కుకుంటారు. పొద్దున ఎండ పడని వైపు కావడంతో, రాత్రి తడిసిన రాయి మీద అద్దంలాంటి మంచు పొర ఉండొచ్చు. కంటికి కనిపించదు, అరికాలితో రుద్ది చూసుకోవాలి.

తర్వాత ట్రఫ్, సుమారు 170 మీటర్లు ఎక్కించే బాగా ఏటవాలు గండి. అంతా వదులు రాళ్లు. ముందువాళ్ల సరిగ్గా కింద ఎక్కకూడదు, పక్కకు జరిగి ఎక్కాలి. రాయి జారితే గట్టిగా అరిచి చెప్పాలి. గండి చివర ఇరుక్కున్న పెద్ద బండ దగ్గరే దారి మొత్తంలో కష్టమైన కదలిక. తొందరపడి చేతులతో లాక్కోకుండా, ముందు కాలికి మెట్టు వెతుక్కోవాలి.

ఆ పైన నారోస్, కొండ పక్కన ఇరుకు అంచు. చూడ్డానికి భయం, నడవడానికి సులువు. కింద అగాధం ఉన్నా కాలి కింద అంచు గట్టిగా ఉంటుంది. ఎదురొచ్చేవాళ్లతో ముందే మాట కలిపి, వెడల్పున్న చోట దారి ఇచ్చుకోవాలి.

చివరిది హోమ్‌స్ట్రెచ్, వాలు పలక బండలు. ఇదీ గ్రానైటే. భువనగిరి గుట్ట మీద సాధన చేసినవాళ్లకు ఈ పట్టు వెంటనే అర్థమవుతుంది (2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది ఆ గుట్ట మీదే). రాతికి ఒంటిని అంటించకుండా, బరువు పాదాల మీద ఉంచి, పగుళ్ల వెంట ఎక్కాలి. తడిస్తే ఆ పట్టు పోతుంది. వాన చినుకు కనిపిస్తే ఇక్కడికి రాకూడదు.

9:00: శిఖరం. చదునుగా, విశాలంగా ఉంటుంది. దిగే చోటు వెతుక్కునే పని లేకుండా, పైకి రాగానే వెనక్కి తిరిగి దాన్ని ఫోటో తీసి పెట్టుకోవాలి. అరగంట చాలు.

దిగేటప్పుడు హోమ్‌స్ట్రెచ్‌లో లోయ వైపు ముఖం పెట్టి, కూర్చుని జరగాలి. ట్రఫ్‌లో గుంపుల మధ్య దూరం పెంచుకోవాలి. ట్రఫ్ అడుగున లెడ్జెస్ వైపు మలుపు దాటి కిందికి పోతే తిరిగి ఎక్కే శక్తి ఉండదు. మలుపు దగ్గరి రంగు గుర్తును ఎక్కేటప్పుడే గమనించి పెట్టుకోవాలి.

11:30కి కీహోల్, ఒంటిగంటన్నరకు మళ్లీ చెట్లు మొదలయ్యే చోటు.