కీమోకి ముందు మందుల సంచీ తెమ్మన్నారు

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక కీమో మాటెత్తేసరికి ఇంట్లో అందరూ నా వయసే పట్టుకున్నారు. 73 ఏళ్ళొచ్చాయి, ఇంకా ఎందుకు బాధపెట్టడం అని మా ఆడపడుచు భర్త నా ముందే అన్నారు, నేను పెట్టిచ్చిన కాఫీ తాగుతూ. మొదట చూసిన డాక్టరుదీ అదే వరస.

పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళి చూపించుకుంటే అక్కడి అమ్మాయి డాక్టరు, "మామ్మగారూ, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచీలో వేసుకు రండి" అంది. బల్ల మీద కుమ్మరిస్తే ఒకే బీపీ మందు రెండు పేర్లతో ఉంది, నేను రెండూ వేసుకుంటున్నాను. ఒకటి తీసేసింది. మోకాళ్ళ నొప్పి బిళ్ళలు కిడ్నీలకి చేటని ఆపించింది, మా ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్ర మెల్లగా మాన్పించింది, దానివల్ల రాత్రి లేచినప్పుడు తూలి పడతారట. పెరట్లో నాచు మీద జారిపడ్డ సంగతి అప్పుడు చెప్పాను, అంతవరకు అడిగినవాళ్ళు లేరు మరి.

తర్వాత కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కొచ్చి కూర్చోమంది. 15 సెకన్లు పట్టింది, 12 దాటితే పడే ప్రమాదం ఎక్కువట. జ్ఞాపకశక్తి చూడ్డానికి గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంది, మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగింది. తగ్గిన బరువు, వంట, డబ్బు లెక్కలు, దిగులు, అన్నీ అడిగింది. మా అబ్బాయి అందుకోబోతే "ఆవిడనే చెప్పనివ్వండి" అంది, నాకు భలే నచ్చింది.

అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరున్నారని కూడా అడిగింది. అబ్బాయి ఉండేది హైదరాబాదులో. కీమోలో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదట, అందుకని మా తోడికోడలు బట్టలు సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది.

2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం సంగతి మనవరాలు చదివి చెప్పింది. 70 దాటి, క్యాన్సర్ ముదిరినవాళ్ళలో ఇలా పరీక్షించి డాక్టరుకి ముందే చెప్పిన చోట తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ 51 శాతం మందికి వస్తే, మామూలుగా చేసిన చోట 71 శాతం మందికి వచ్చాయట. నాది అంత ముదరలేదు గానీ, వయసొక్కటే చూసి తేల్చేసేవాళ్ళకి ఇది చూపించాలనిపించింది.

నాకు కీమో కింద కాపెసిటబైన్ మాత్రలు, రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపడం, డోసు తగ్గించి మొదలుపెట్టారు. రోజూ గుడ్డు, దొరికితే కొరమేను, కుర్చీలోంచి లేచి కూర్చునే ఫిజియో. అరికాళ్ళు ఎర్రబడి మండితే యూరియా క్రీము ఇచ్చారు (చేలో చల్లేదేనా అని అడిగాను కూడా). చివరి స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు, మూణ్ణెల్లకోసారి రక్తపరీక్షకి వెళుతున్నాను. తోడికోడలు మాత్రం ఇంకా కదల్లేదు, మా ఇంట్లో టీవీ పెద్దదంటోంది.