మూడు ఆరయ్యే వేళ

ఉదయం ఎనిమిదింటికి మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నాను. నిన్న సాయంత్రం ఏరి పెట్టిన తెల్లటి ప్రీప్యూపాలకు, అంటే ప్యూపాగా మారబోతున్న పండు ఈగ లార్వాలకు, అప్పటికి 14 గంటలు నిండాయి. లార్వా వయల్ (పెంచే చిన్న సీసా) గోడకు అతుక్కుని, గోధుమ రంగుకు తిరిగే ముందు కాసేపే తెల్లగా ఉంటుంది. ఈగ రెక్కలాడించే కండరాలు ప్యూపాలో ఎలా ఏర్పడతాయో చూసే మా గంటల లెక్క అక్కడి నుంచే మొదలు.

ప్యూపాను పొట్టవైపు చీల్చి, లోపల విడివిడిగా తేలే కొవ్వు కణాలను పిపెట్‌తో కడుగుతుంటే బఫర్ ద్రావణమంతా కలిపిన సున్నంలా తెల్లబడింది. ఇక్కడే టెన్షన్. కాస్త గట్టిగా ఊదితే కండరాలు కూడా కొట్టుకుపోతాయి. ఇవాళ నిలిచాయి. ఛాతీకి ఒక పక్క మూడు పచ్చటి కండరాల పట్టీలు, వాటి చుట్టూ మూగిన మయోబ్లాస్టులు, అంటే కండరంగా మారబోయే కణాలు. చుట్టుపక్కల లార్వా కండరాలన్నీ కరిగిపోతున్నా ఈ మూడూ మిగులుతాయి. మయోబ్లాస్టులు వచ్చి వీటిలో కలుస్తాయి, ఒక్కోటి నిలువునా రెండుగా చీలుతుంది. 24 గంటలకల్లా మూడు కాస్తా ఆరు. రెక్కను కిందికి కొట్టేవి ఇవే. ఒక పట్టీలో చీలిక అప్పుడే మొదలైంది, సన్నటి నల్లగీతలా. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

ఈ చీలికను 1991లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి జాయిస్ ఫెర్నాండెస్, విజయరాఘవన్, వాళ్లతో కలిసి మైఖేల్ బేట్ వివరంగా రాశారు.

కొత్తగా చేరిన అమ్మాయి తొంగి చూసి, "అక్కా, ఆ మూడూ లేకపోతే ఈగకు ఈ కండరాలు రావా?" అంది. మంచి ప్రశ్న. 1996లో ఆ మూడింటినీ లేజర్‌తో కాల్చేసి చూశారు. కండరాలు వచ్చాయి, కానీ ఆలస్యంగా వచ్చాయి, ఆరు అన్న లెక్కా తప్పింది. కండరం కావడం మయోబ్లాస్టులకు తెలుసు. ఎన్ని కావాలన్నది మాత్రం పాత కండరాల దగ్గరుంది. నాకైతే ఈ పని మొత్తంలో ఇంతకన్నా ముఖ్యమైన విషయం లేదు.

"మరి వీటికి వచ్చే నరం తీసేస్తే?" అని వెంటనే ఇంకోటి అడిగింది. అప్పుడు ఈ కండరాలు చిన్నగానైనా తయారవుతాయి. రెక్కను పైకి లేపే నిలువు కండరాలకు పాత ఆసరా ఏదీ లేదు కదా, నరం కూడా లేకపోతే అవి అసలు ఏర్పడవు. ఆ అమ్మాయి ఇంకేమీ అడగకుండా నా చేతిలోని ఫోర్సెప్స్ తీసుకుని పక్క ప్యూపా చీల్చడం మొదలుపెట్టింది.