పండగలో తిండి ఉంది, ఆటేది?

పిల్లల బరువు మాట ఎత్తితే చాలు, "పిజ్జాలు మాన్పించి రాగి సంకటి పెట్టండి" అంటారు అందరూ. పెట్టండి, మంచిదే, పాలిష్ బియ్యం కన్నా రాగుల్లో పీచు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కానీ ఆ సంకటి తిన్న మన తాతలు పొద్దస్తమానం పొలంలోనే ఉండేవాళ్లన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. నన్నడిగితే మనం పండగల్లో తిండి ఉంచుకుని ఆట వదిలేశాం.

అట్లతద్దే చూడండి. ఆడపిల్లలు చీకటితోనే లేచి, గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ కలుపుకుని చద్దన్నం తినేసి, "అట్లతద్దోయ్" అని అరుచుకుంటూ వీధిలో పడేవాళ్లు, తెల్లారేదాకా దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల, చెట్టుకు కట్టిన ఉయ్యాల. అట్లు రాత్రి చందమామ కనబడ్డాకే. (ఉపవాసం పిల్లలతో చేయించమని కాదు, నా గొడవ ఆటల గురించే.) ఇప్పుడు అట్లు ఆర్డరిస్తే ఇంటికొస్తున్నాయి, ఆ ఉరుకులు మాత్రం లేవు.

బతుకమ్మ కాస్త నయం. తొమ్మిది రోజులు, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ తిరగాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, నిజంగా ఆడితే అందులో చాలావరకు అక్కడే తీరిపోతుంది. మా దగ్గరేమో అమ్మలు ఆడుతుంటే పిల్లలు కుర్చీల్లో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు.

అందుకే దసరా అయిపోయాక కూడా ఆదివారాలు సెల్లార్‌లో కోలాటం పెట్టాం. ఎక్సర్‌సైజ్ అంటే మొహం చిట్లించే మా అమ్మాయి, లెక్క తప్పితే ఎదుటివాళ్ల కర్ర వేళ్ల మీద పడుతుందని ఒళ్లంతా కళ్లు చేసుకుని ఆడుతుంది, చెమటతో జడ మెడకి అతుక్కుపోయినా ఆపదు.

ఆట అయ్యి పైకొస్తే మా అత్తయ్య "పిల్ల చిక్కిపోయింది" అంటూ నేతి గిన్నె తీస్తారు. బొద్దుగా ఉంటేనే ముద్దు అనుకోవడం కూడా మన సంప్రదాయమే మరి, దీన్ని మాత్రం వదిలేసినా నష్టం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో దేశంలో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2015-16లో 2.1 శాతం, 2019-21కి 3.4. ఈ లెక్క చెప్తే ఆవిడ "దిష్టి పెట్టకు" అంటారు.

ఈసారి అట్లతద్దికి ఉయ్యాల వేద్దామనుకుంటున్నాం. చెట్టు లేదు, సెల్లార్ బీముకి కొక్కెం వేయించమంటే అసోసియేషన్ వాళ్లు ససేమిరా అంటున్నారు, వచ్చే మీటింగులో మళ్లీ అడగాలి.