‘కి’ అక్షరానికి కియారా: పేరు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

మృగశిర నాలుగో పాదంలో ఆడపిల్ల పుడితే అయ్యవారు చెప్పే అక్షరం ‘కి’. తిరుపతిలో ఇప్పుడు పంచాంగం పక్కనే ఫోనూ తెరుచుకుంటుంది. కీర్తి, కిరణ్మయి, కిన్నెర చుట్టాల్లో అప్పటికే ఉంటారు. మిగిలేది కియారా. 2018లో తెలుగు తెరకు వచ్చిన కియారా అద్వానీ వల్ల అది మన చెవులకు అలవాటైంది కూడా. ఆమె అసలు పేరు ఆలియా.

ఇటలీలో ఈ పేరును సి, హెచ్, ఐ, ఏ, ఆర్, ఏ అని రాస్తారు. చూడగానే మనం ‘చియారా’ అనేస్తాం. ఇటాలియన్‌లో లెక్క తిరగబడుతుంది. ఐ, ఇ అచ్చుల ముందు ఒంటి ‘సి’ వస్తే ‘చ’, నడుమ ‘హెచ్’ చేరితే ‘క’. వాళ్లు పలికేది రెండు అక్షరాలే: ‘క్యార’. ఊనిక మొదటిదాని మీద, చివరిది పొట్టిగా. మూడు అక్షరాల కియారా మనం సాగదీసుకున్నది.

ఈ తేడా జాతకం దాకా పోతుంది. ‘చి’ అని చదివితే అది రేవతి నాలుగో పాదం, మీనరాశి. ‘కి’ అయితే మృగశిర నాలుగో పాదం, మిథునం. అసలు పలుకే కావాలని ‘క్యార’ అని రాస్తే, దాన్ని ‘కా’ కింద మూడో పాదానికి వేయాలా అన్నది అయ్యవారినే అడగాలి. బడిలో పిల్లలు దాన్ని ‘క్యారేజీ’ చేయకుండా ఉండరు, అది వేరే సంగతి.

అర్థం దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఇటలీ పేరు లాటిన్ ‘క్లారా’ నుంచి వచ్చింది. వెలుగున్నది, తేటైనది, పేరుమోసినది అని అర్థం. లాటిన్ ‘క్ల’ ఇటాలియన్‌లో ‘క్య’గా మారుతుంది. తాళంచెవి ‘క్లావిస్’ అలాగే ‘క్యావె’ అయింది. నోళ్లలో నలిగి పేరు మారడం తిరుచానూరు పక్కనున్న మనకు కొత్త కాదు. తమిళ ‘అలర్ మేల్ మంగై’, పువ్వు మీది మంగ, అలమేలుమంగ అయింది. ఇంట్లో పిలుపుకొచ్చేసరికి అలమేలు అయి, మంగ జారిపోయి ‘పువ్వు మీద’ ఒక్కటే మిగిలింది. పేర్ల యాప్‌లు చేసే పని మాత్రం వేరు. ఐర్లండులో ‘కీరా’ అని ఇంకో పేరుంది, దాని మూలానికి నలుపు అని అర్థం. రెంటినీ కలిపేసి కియారాకు ‘నల్లని కురులది’ అని రాసేస్తారు. వెలుగు అనుకుని పెట్టిన పేరుకు చీకటి అర్థం చెప్పుకుంటాం!

ఇటలీలో ఈ మాట పేరుగానే ఉండిపోలేదు. ‘క్యారో?’ అంటే ‘అర్థమైందా?’ అని. లేత రంగు బీరు ‘బిర్రా క్యారా’. గుడ్డులో తెల్లసొనకూ క్యారా అనే అంటారు.

పేరు ఇంతగా పాకడానికి కారణం అస్సీసీ పట్టణపు సెయింట్ క్యారా. 1212లో, ఈస్టర్‌కు ముందొచ్చే మట్టలాదివారం రాత్రి ఇల్లు వదిలి వచ్చిన ఆమె జుట్టును అదే ఊరి సన్యాసి సెయింట్ ఫ్రాన్సిస్ కత్తిరించాడు. ఆ వెంట్రుకలు ఇప్పటికీ అస్సీసీలో ఆమె పేరున్న గుడిలో భద్రంగా ఉన్నాయి. తలనీలాల ఊరివాళ్లకు ఇది వింతగా తోచదు కానీ, అక్కడది మొక్కు తీర్చడం కాదు, సంసారం వదలడం. 1253 ఆగస్టు 11న ఆమె చనిపోయింది. రెండేళ్లకే సెయింట్‌గా ప్రకటించారు. పోప్ వెలువరించిన ఆ ప్రకటనలో మొదటి మాటలే ఆమె పేరు మీద ఆడిన శ్లేష. జబ్బుతో పడుకుని, ఎక్కడో జరుగుతున్న పూజను తన గది గోడ మీద చూసిందన్న కథను పట్టుకుని, తర్వాత ఆమెను టెలివిజన్‌కు కూడా రక్షకురాలిని చేశారు. ఇటలీలో క్యారాలకు పుట్టినరోజు కాక ఆగస్టు 11న పేరు పండగ ఉంటుంది. ఆ రోజు ‘ఔగూరి’ అని శుభాకాంక్షలు చెబుతారు.

అవ్వ పేరు మనవరాలికి పెట్టడం అక్కడా ఉంది, ఇటలీ దక్షిణాదిన మరీ ఎక్కువ. అయితే బతికున్న తండ్రి పేరు కొడుక్కి పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

ఇక కాగితాల పని. పుట్టుక 21 రోజుల్లోపు నమోదు కావాలి గానీ, అప్పటికే పేరు తేలాలని లేదు. ఆ గడి ఖాళీగా వదిలి ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. కాబట్టి తొందరపడి ఇంగ్లీషు స్పెల్లింగు ఇవ్వొద్దు. ‘కె’తో మొదలుపెడితే బడిలో, బ్యాంకులో అందరూ ‘కి’ అనే చదువుతారు. ‘సి, హెచ్’తో ఇస్తే ఇటలీలో సరిగ్గా పిలుస్తారు, ఇక్కడ హాజరు పట్టీలో చియారా అవుతుంది. నడుమ ‘ఏ’లు ఎన్ని ఉండాలో కూడా ముందే తేల్చుకోండి. ఆసుపత్రిలో ఒకటి, ఆధార్‌లో రెండు పడితే పాస్‌పోర్టు దగ్గర తిరగాల్సింది మీరే.

ఈ అర్థమే మన మాటలో కావాలంటే ‘విశద’ ఉంది, ఎవరూ పెట్టట్లేదు. కాకపోతే అది ‘వి’, రోహిణి మూడో పాదం పిల్లకు.